సినిమాల్లో మన మాట: అయిదు నెలల నోటుబుక్కు

జూన్ మొదటి ఆదివారం మొదలుపెట్టాను, ఇప్పుడు నవంబరు. 200 పేజీల నోటుబుక్కులో 143వ పేజీ దగ్గరున్నాను. ఉత్తరాంధ్రలో జరిగే సినిమాలు చూడటం, మన శ్రీకాకుళం, విజయనగరం మాట అందులో ఎవరి నోట వచ్చింది, ఏ సందర్భంలో వచ్చింది, ఎక్కడ జారిపోయింది అని రాసుకోవడం, ఇదే నా పని. నాలుగు సినిమాలు పూర్తయ్యాయి, ఒకటి సగంలో ఉంది. తక్కువే, కానీ ఒక్కో సినిమాకి ఏడెనిమిది గంటలు పడుతోంది, స్కూలు నుంచి వచ్చి వంట అయ్యాక దొరికే టైమే నాకున్నది.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల విజయనగరంలో ఉంటున్నాం. హైదరాబాదులో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా చేత "ఏటి" (ఏమిటి) అనిపించుకుని నవ్వేవాళ్ళు, ఇంకోసారి అనవా అని అడిగి మరీ. రెండు నెలల్లో ఆ మాట మానేశాను. అమ్మ ఫోన్ చేస్తే వరండా చివరికి వెళ్ళి మాట్లాడేదాన్ని. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, మన యాస వినపడితే నవ్వాలి అని సినిమాలే వాళ్ళకి నేర్పాయి, ఏళ్ళ తరబడి ఆ మాటని కామెడీ పాత్రకో ఇంట్లో పనివాడికో ఇచ్చి, హీరోకి మాత్రం వేరే తెలుగు పెట్టాయి.

2025 ఫిబ్రవరిలో తండేల్ వచ్చినప్పుడు ఇక్కడే హాల్లో చూశాను. హీరో హీరోయిన్లిద్దరూ మన మాట మాట్లాడుతుంటే హాల్లో ఎవరూ నవ్వలేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్కడ ఒక ప్రశ్న పుట్టింది నాకు: మన యాసలో ఎంతమందిని నవ్వించారో అందరికీ తెలుసు, ఎంతమందిని ఏడవనిచ్చారు, ప్రేమించనిచ్చారు, కోపంగా న్యాయం అడగనిచ్చారు? ఇది లెక్క రాసుకోవాలనిపించింది.

పద్ధతి గురించి రాస్తాను, ఎవరైనా తమ ఊరి మాటకి ఇలా చేయాలనుకుంటే పనికొస్తుంది. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా సినిమా మొత్తం చూసేస్తాను, మామూలు ప్రేక్షకురాలిలా, ఎందుకంటే పెన్ను చేతిలో ఉంటే కథ లోపలికి వెళ్ళదు. రెండోసారి నోటుబుక్కుతో కూర్చుంటాను. పేజీకి అడ్డంగా అయిదు గళ్ళు: టైము, ఎవరు, ఎవరితో, మాట, సందర్భం. సందర్భం గడిలో నవ్వు, కోపం, ప్రేమ, ఏడుపు, పని, ఈ అయిదింట్లో ఒకటే రాస్తాను. మొదట్లో పన్నెండు రకాలు పెట్టుకున్నాను, ఏది ఎందులో వేయాలో ఆలోచించడంలోనే రాత్రి అయిపోయేది. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. టీవీ స్పీకర్లో మాట చివరలు వినపడవు, మన యాస అంతా ఆ చివరల్లోనే ఉంది. సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నా కట్టేస్తాను, కన్ను చదివిందే చెవి విన్నట్టు అనిపిస్తుంది. పది సెకన్లు వెనక్కి జరిపే బటన్‌తోనే సగం పని. అనుమానం ఉన్నచోట వేగం 0.75 పెడితే అక్షరం తేలుతుంది కానీ రాగం పాడైపోతుంది, కాబట్టి రాగం కోసం మళ్ళీ మామూలు వేగంలో వినాలి.

మొదటి మూడు వారాల నోట్స్ ఫోనులోనే రాసుకున్నాను. రిపేరుకిచ్చిన చోట అడక్కుండా ఫోన్ ఖాళీ చేసేశారు, మొత్తం పోయింది. ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. అప్పటినుంచి కాగితం మీదే రాస్తున్నాను, ప్రతి ఆదివారం పేజీలు ఫోటో తీసి తమ్ముడికి పంపిస్తాను.

ఇంకో పరీక్ష అనుకోకుండా దొరికింది. నేను ముందుగదిలో స్పీకర్ పెట్టి వింటుంటే వంటింట్లోంచి అమ్మ, "ఎవులమ్మీ వచ్చింది, మనూరోలా?" అని అడిగింది. బొమ్మ చూడకుండా వినే చెవి అది. అప్పటినుంచి ప్రతి సినిమాలో ఒక పది నిమిషాల ముక్క అమ్మకి బొమ్మ లేకుండా వినిపిస్తున్నాను. ఎవరొచ్చారని అడిగితే ఆ ముక్క పక్కన టిక్కు, "ఏటో సినిమా ఎడతన్నావు" అంటే ఏమీ లేదు.

ఏం వినాలో నాకూ మొదట తెలియలేదు. ఏటి, బేగి (త్వరగా), గుంట (అమ్మాయి), ఎవులు (ఎవరు), కూకో (కూర్చో), తొంగో (పడుకో), లగెత్తు (పరుగెత్తు), ఇలాంటి పదాలు ఏరుకోవడమే అనుకున్నాను. జూలై వచ్చేసరికి అర్థమైంది, పదాలు తేలిక, ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. చ దగ్గర స పలకడం (సెప్పు, సూడు, సేపలు), ళ దగ్గర ల (ఎల్లు, నీల్లు), స్త దగ్గర త్త (వత్తాను, సేత్తాను), ఇవి రెండో మెట్టు. అసలు కష్టం రాగం. మన మాట చివర కొంచెం సాగి పైకి లేస్తుంది, అడిగినట్టూ ఉంటుంది, చెప్పినట్టూ ఉంటుంది. బేగి అనే పదం పెట్టి వాక్యాన్ని విజయవాడ రాగంలో ముగిస్తే మా అమ్మ చెవి వెంటనే పట్టేస్తుంది.

ఇక సినిమాలు. తండేల్ రెండుసార్లు నోటుబుక్కుతో చూశాను, 31 పేజీలు పట్టింది. చందూ మొండేటి దర్శకుడు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన మన జాలర్ల కథ దానికి ఆధారం, వాళ్ళు 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. పనికోసం మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి నెలల తరబడి సముద్రం మీద ఉండటం ఇక్కడ కొత్త సంగతి కాదు, అందుకే ఊళ్ళో ఆడవాళ్ళు ఎదురుచూసే సీన్లు నాకు చాలా నిజంగా అనిపించాయి. నాగచైతన్య యాస కోసం కష్టపడ్డాడని తెలుస్తుంది. తోటి జాలర్లతో పడవ మీద మాట్లాడేటప్పుడు గట్టిగా నిలబడింది, గొంతు పెంచి పెద్ద డైలాగు చెప్పాల్సిన చోట మాత్రం నా చెవికి మామూలు సినిమా తెలుగు వినిపించింది. సాయిపల్లవికి ఆ ఇబ్బంది తక్కువ, కోపంలో ఆమె మాట చివరలు చక్కగా లేస్తాయి. నా నోటుబుక్కులో ఎక్కువ గళ్ళు ప్రేమ, ఏడుపు కిందే నిండాయి. ఈ ఒక్క కారణానికి ఈ సినిమా అంటే నాకు గౌరవం. జైలు భాగం మాటకొస్తే, కథ ఊరు వదిలి దేశం గురించి మాట్లాడటం మొదలయ్యాక మన మాట పల్చబడింది, అది నాకు నచ్చలేదు.

పలాస 1978, 2020 మార్చిలో వచ్చింది, దర్శకుడు కరుణకుమార్. కరోనాతో హాళ్ళు మూతపడటానికి కొద్దిరోజుల ముందే రావడంతో చాలామంది పెద్ద తెర మీద చూడలేకపోయారు. నాకిది ఇప్పటిదాకా చూసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది. జీడిపప్పు ఊరు, కులం, పాట పాడి గజ్జె కట్టే ఇంటి నుంచి వచ్చిన అన్నదమ్ములు, షావుకార్లు. ఇందులో యాస అలంకారంగా లేదు, పైవాడు మాట్లాడే మాటకీ కిందవాడు మాట్లాడే మాటకీ తేడా వినపడుతుంది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారన్నది ఒక పేజీలో వేరేగా రాసుకోవాల్సొచ్చింది, ఆ పిలుపుల్లోనే కథ అంతా ఉంది. రక్షిత్, తిరువీర్ బాగా చేశారు, రఘు కుంచె సంగీతం ఇచ్చి షావుకారుగా కూడా వేశారు, భయపెట్టారు. నక్కిలీసు గొలుసు పాట మా పల్లెలో పెళ్ళిళ్ళకి ఇప్పటికీ మోగుతుంది, ఆ పాట కోసం అమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. హింస ఎక్కువైందని నా అభిప్రాయం, రెండో సగంలో కత్తుల మధ్య మాట వినపడదు. అయినా కోపం గడి ఇంతగా నిండిన సినిమా ఇంకోటి లేదు. న్యాయం అడిగే కోపం అది.

కేరాఫ్ కంచరపాలెం, 2018. ఇది విశాఖ, మనకి 60 కిలోమీటర్ల దూరం, పట్నం మాట. లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని వారం ఆలోచించి తీసుకున్నాను. వెంకటేష్ మహా అక్కడి మనుషుల్నే ఎక్కువగా పెట్టి తీశాడు, అందుకే ఎవరూ యాసని "చేస్తున్నట్టు" ఉండదు. ఈ సినిమా చూస్తుంటే నాకు పెన్ను ఆగిపోయింది, ఏ మాటకి టిక్కు పెట్టాలో తెలియలేదు, ఎందుకంటే అంతా మామూలుగా ఉంది. అమ్మ పది నిమిషాల ముక్క విని, "ఎవులో రైల్వే కోటర్సోల్లు" అంది. అంతకంటే పెద్ద మార్కు నేను ఇవ్వలేను.

కన్యాశుల్కం 1955 సినిమా సెప్టెంబరులో చూశాను, పక్కన గురజాడ నాటకం పెట్టుకుని. ఇది మన విజయనగరం కథ. నాటకం మొదటిసారి 1892లో ఇక్కడే ఆడారు. మొదటి సీను జరిగే బొంకులదిబ్బ మీదుగా నేను వారానికి రెండుసార్లు కూరలకి వెళ్తాను. ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, పి. పుల్లయ్య దర్శకత్వం. సావిత్రి కళ్ళు చాలు, ఆవిడ కోసమే ఇంకో రెండుసార్లు చూస్తాను. కానీ మాట సంగతి వేరు. నాటకంలో అగ్రహారం బ్రాహ్మడికి ఒక మాట, హెడ్డు కనిస్టీబుకి ఒక మాట, దుకాణంలో చేరిన బైరాగికి ఒక మాట. పాలేరు అసిరిగాడి మాటలు చదువుతుంటే మా తాత గొంతు వినపడుతుంది. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, గురజాడ కూడా మన యాసని పనివాడికే ఇచ్చాడు. అయితే వాడి మాటలో తెలివి పెట్టాడు, వాడు మాట్లాడితే యజమాని చులకన అవుతాడు. సినిమాలోకి వచ్చేసరికి ఆ తేడాలు చాలా చదునైపోయినట్టు నాకనిపించింది.

ఆగస్టు 29న స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం చేశాం. గిడుగు రామమూర్తి మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారని, జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడారని చెప్పి, మీ ఇంట్లో మాట ఒకటి బోర్డు మీద రాయండి అన్నాను. ఏడో తరగతి పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత బోర్డు చాల్లేదు. అందులో మూడు పదాలు నాకూ తెలియవు, నోటుబుక్కు చివరి పేజీల్లో ఉన్నాయి.

అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చారు, రెండు వారాలు సినిమా పని జరగలేదు. అయితే ఇంట్లో పధ్నాలుగు మంది మాట్లాడుతుంటే నేను విన్నదే పని. టెక్కలి నుంచి వచ్చిన పెద్దమ్మ రాగం వేరు, బొబ్బిలి పిన్ని రాగం వేరు. సినిమాల్లో "శ్రీకాకుళం యాస" అని ఒకటే ముద్ద చేస్తారు, నేనూ ఇన్నాళ్ళు నోటుబుక్కులో అదే చేశాను. డిసెంబరు నుంచి ఆరో గడి పెడుతున్నాను: ఏ వైపు మాట, తీరమా, మెట్టా, ఒడిశా సరిహద్దా. దీనికి నా చెవి చాలదు, పెద్దమ్మకి ముక్కలు పంపిస్తానని చెప్పాను, సరే అంది.

శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్ సగంలో ఉంది. వెన్నెల కిశోర్ డిటెక్టివ్, కామెడీ ఉన్న కథ కాబట్టి నవ్వు గడి నిండుతుందని ముందే తెలుసు. నవ్వు వచ్చేది యాస వల్లా, సీను వల్లా అన్నది విడదీసి రాస్తున్నాను, అందుకే నెమ్మదిగా సాగుతోంది. మిగతా సగం వచ్చే ఆదివారం. పలాస రెండో సగం కూడా మళ్ళీ వినాలి, అందులో ఒక ముసలావిడ అన్న మాట ఆరుసార్లు వెనక్కి జరిపినా నాకు అందలేదు, ఆ ముక్క పెద్దమ్మకి పంపాను, ఇంకా జవాబు రాలేదు.