ఆల్ ఇంగ్లండ్‌లో తొలి రౌండ్లు

మార్చి వచ్చినా బర్మింగ్‌హామ్‌లో చలి వదల్లేదు. న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, కాలువ పక్కనున్న యుటిలిటా అరీనాకు నడిచే వెళ్లాను. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ 1994 నుంచి ఈ ఊళ్లోనే జరుగుతోంది. నేను కొన్నది తొలి రౌండ్ల టికెట్లు. షటిల్ ఆటగాళ్ల వృత్తి జీవితం ఎలా నడుస్తుందో ఫైనల్ కన్నా ఇక్కడే బాగా తెలుస్తుంది.

మ్యాచ్‌కు ముందు షటిల్ వేగం చూస్తారు. బ్యాక్ లైన్ దగ్గర నిలబడి కింది నుంచి పైకి బలంగా కొడతారు. అది అవతలి బ్యాక్ లైన్‌కు 530 మిల్లీమీటర్ల కన్నా దగ్గరగా, 990 కన్నా దూరంగా పడకూడదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి షటిల్ నెమ్మదిస్తుంది. అలాంటి చోట వేగం ఎక్కువున్న షటిళ్లు వాడతారు. ఉక్కగా ఉండే హాళ్లలో దీనికి తిరగేసి.

అసలు చిక్కు డ్రిఫ్ట్, అంటే హాల్లోని గాలికి షటిల్ దారి తప్పడం. పెద్ద హాళ్లలో ఏసీ గాలి ఒక వైపు నుంచి తోస్తుంది. గాలి వీపున ఉన్నవాళ్లు మామూలుగా లిఫ్ట్ చేసినా (కింది నుంచి ఎత్తి వెనక్కి కొట్టినా) షటిల్ లైను దాటిపోతుంది. అందుకే వాళ్లు లైనుకు బాగా లోపలే గురిపెట్టి, నెట్ దగ్గర ఆట పెంచుతారు. ఎదురుగాలి వైపు మాత్రం ధైర్యంగా ఎత్తి కొట్టొచ్చు. మూడో గేమ్‌లో 11 పాయింట్ల దగ్గర వైపులు మారగానే చేతి బలం లెక్కంతా మార్చుకోవాలి. చేతిలో ఉన్న ఆధిక్యం కరిగిపోయేది ఎక్కువగా అక్కడే. కోర్టు వెనక సీట్లలో కూర్చుంటే ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది.

2001 ఫైనల్లో గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది కూడా ఈ హాల్లోనే. అప్పుడు సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటే కాబట్టి గాలిని చదవడంలో పొరపాటుకు వెంటనే మూల్యం చెల్లించాలి.

ఇక ర్యాంకింగ్ పాయింట్ల సంగతి. ఈ టోర్నీ సూపర్ 1000 స్థాయిది, అంటే ఎక్కువ పాయింట్లిచ్చే పై వరుస టోర్నీల్లో ఒకటి. తొలి రౌండ్‌లో ఓడితే 3,000, సెమీస్‌లో ఓడితే 8,400, గెలిస్తే 12,000. ర్యాంకింగ్‌కు గత 52 వారాల్లోని 10 ఉత్తమ ఫలితాలే లెక్క. నిరుడు వచ్చినవి ఈ ఏడాది రాలిపోతాయి. అందువల్ల నిరుడు సెమీస్ ఆడినవాళ్లకు ఈసారి తొలి రౌండ్ ఓటమి మరీ బరువు. తరచూ మరుసటి వారమే ఉండే స్విస్ ఓపెన్ అంతకన్నా కింది స్థాయి, సూపర్ 300. అక్కడ టైటిల్ గెలిచినా 7,000 దాటవు.

అందుకే కింది ర్యాంకుల వాళ్లు మెయిన్ డ్రాలో (అసలు టోర్నీ ఆడేవాళ్ల జాబితాలో) చోటు కోసం అంతగా తపిస్తారు. 2022లో ట్రీసా జాలీ, గాయత్రీ గోపీచంద్ జోడీ రిజర్వ్ జాబితా నుంచి డ్రాలోకి వచ్చి సెమీస్ దాకా వెళ్లింది. 2023లోనూ సెమీస్ ఆడి, ఆ పాయింట్లు నిలుపుకుంది. నా దృష్టిలో రెండో ఏడాదిదే ఎక్కువ కష్టం.