ఇద్దరు వియ్యపురాళ్లు, ఒక మరియమాత

మాది విజయవాడ గుణదల, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మా ఆయనవాళ్లు గుంటూరు లూథరన్లు, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. ఇక్కడ డాలస్‌లో ఒక ఆదివారం పూజకి, ఇంకో ఆదివారం తెలుగు ఆరాధనకి వెళ్తూ నెట్టుకొస్తున్నాం. పేచీ వస్తే మరియమాత దగ్గరే వస్తుంది.

ఆరో తరగతి చదివే మావాడు యూట్యూబ్‌లో అమెరికన్ పాస్టర్ల వాదనలు విని, వీడియో కాల్‌లో మా అమ్మని నిలదీశాడు: "అమ్మమ్మా, మీరు మేరీని దేవుడిలా పూజిస్తారా?"

"అదేంట్రా! మాకోసం ప్రార్థించమని అడుగుతాం, అంతే. మీ నానమ్మ పాస్టరుగారిని అడగదూ?"

ఆర్నెల్లకని వచ్చిన అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. ఊరుకుంటారా! "పాస్టరుగారు బతికున్నారు వదినగారూ. దేవుడికీ మనుషులకీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని బైబిల్లో మొదటి తిమోతి రెండో అధ్యాయం ఐదో వచనంలో ఉంది."

"పరలోకంలో ఉన్నవాళ్లు మాత్రం బతికి లేరా వదినగారూ?"

మావాడు ఫోన్ పట్టుకుని టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టు చూశాడు.

మా అమ్మ చెప్పిందే మా సభ బోధ. కానీ ఫిబ్రవరి 11న మరియమాత తిరునాళ్లకి గుణదల వెళ్తే తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు. మా ఎదురింటి హిందువులు కూడా కొండెక్కి మొక్కు తీర్చుకుంటారు. ఆ జనంలో ఎవరిది మనవి, ఎవరిది ఆరాధన అని ఎవరు తేలుస్తారు? అత్తయ్యగారి అనుమానం ఉత్తది కాదు. మరియమాతని 'సహరక్షకురాలు', అంటే క్రీస్తుతో పాటు రక్షించేది, అనడం తగదని 2025 నవంబరులో వాటికనే చెప్పింది. ఆ సంగతి చెబితే, "ఇప్పటికి తెలిసిందన్నమాట" అన్నారావిడ.

నేనూ తగ్గలేదు. లూకా సువార్తలో మరియ పాడిన స్తుతిగీతానికి 1521లో మీ శాఖకి మూలపురుషుడు లూథరే వ్యాఖ్యానం రాశాడు, అందులో ఆమెని దేవుని తల్లి అనే పిలిచాడు అన్నాను. "మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదే!" అని ఆవిడ కాసేపు ఆలోచనలో పడ్డారు.

ఆ వీడియోల్లో ఒకరు విగ్రహారాధకులు, ఇంకొకరు మతద్రోహులు. మావాడికి మాత్రం ఆ ఇద్దరూ అమ్మమ్మ, నానమ్మ. ఎవరి మాటా కొట్టిపారేయలేడు.

వచ్చే ఏడాది కన్ఫర్మేషన్ క్లాసులు, అంటే పిల్లలు తమ విశ్వాసాన్ని తామే స్థిరపరచుకునే ముందు చెప్పే పాఠాలు. రెండు చర్చిల్లోనూ ఉన్నాయి. ఎక్కడ చేరతావంటే "రెండూ విని చెప్తా" అంటున్నాడు. మా ఆయనకి ఆ జవాబు భలే నచ్చింది. నాకే టెన్షన్. వాడు మావైపే రావాలని రోజూ జపమాల చెప్పుకుంటున్నాను. ఆయనకింకా చెప్పలేదు.