గన్నవరం బస్సు రింగ్ దగ్గరే ఆగింది

రామవరప్పాడు రింగ్ దగ్గర బస్సాపి, "ఇక్కడి దాకేనండీ, అందరూ దిగాలి" అన్నాడు కండక్టర్. బోర్డు మీద గన్నవరం అనే ఉంది, టికెట్ కూడా అక్కడికే కొట్టాడు. కేసరపల్లిలో మా తోడల్లుడి కొడుకు గృహప్రవేశం. మా ఆవిడ చేతిలో బట్టల కవరు, నా చేతిలో పళ్ల బుట్ట. పదిన్నరకి ముహూర్తం, అప్పటికే పదింబావు.

గుంటూరు నుంచి బెజవాడ నెహ్రూ బస్టాండు దాకా చెప్పుకోవలసిందేమీ లేదు. అక్కడ ఎక్కిన ఈ బస్సే ఏలూరు రోడ్డు దాటడానికి గంట తీసుకుంది. వెనక బండిలో ఇదే టికెట్ చూపించమన్నారు. ఇరవై నిమిషాలు నిలబడ్డాం, రాలేదు. ఆటో అడిగితే ఐదొందలు. గుంటూరు నుంచి బెజవాడకి ఇద్దరికీ అయిన చార్జీ అందులో సగం కూడా కాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాతోపాటు దిగిన పెద్దాయన ఒకరు పక్కనే నిలబడి ఉన్నారు. "కండక్టర్ మీద కోపం పెట్టుకోకండి మాస్టారూ, నేనూ ముప్పయ్యేళ్లు ఆ సంచీ తగిలించుకున్నవాణ్ణే" అన్నారు. ఆయన చెప్పిన లెక్క ఇది. డ్రైవర్‌కి డ్యూటీ ఇన్ని గంటలని ఉంటుంది. ఆ గంటల్లో ఇన్ని సింగిళ్లు, అంటే ఒకవైపు ట్రిప్పులు, తిప్పాలని చార్టు ఉంటుంది. ట్రాఫిక్‌లో బండి గంట వెనకబడితే, చివరిదాకా పోయి వచ్చేసరికి తర్వాతి సింగిల్ మొత్తం ఎగిరిపోతుంది. అందుకని మధ్యలోనే తిప్పేస్తారు. అటువైపు స్టాపుల్లో నిలబడ్డవాళ్లకి బండి టైముకి దొరుకుతుంది, ఇటువైపు చివర ఉన్నవాళ్లు రోడ్డు మీద పడతారు.

"అది ఒకరోజు ముచ్చట. అసలు రూటే తగ్గిపోవడం వేరే" అన్నారు. కిలోమీటరుకి ఎంత వసూలవుతోందో ప్రతి రూటుకీ లెక్క ఉంటుంది, దాన్ని ఈపీకే అంటారు. చివరి రెండు మూడు స్టేజీల్లో బస్సు ఎప్పుడూ సగం ఖాళీగానే పోతుంది, ఎందుకంటే చివర దిగేవాళ్లే గానీ ఎక్కేవాళ్లుండరు. లెక్క చూసేవాళ్లకి ముందు కనపడేది ఆ ఖాళీయే. "అక్కడ దిగే నలుగురు ఊరు మొదట్లో ఎక్కి దారంతా టికెట్ ఇచ్చినవాళ్లే కదండీ, ఆ చివర కోసేస్తే వాళ్లు ఈ మొదట్లో కూడా ఎక్కరు" అన్నారాయన. ఈ మాట నా మనసులో నాటుకుపోయింది.

నిరుడు ఆరు నెలలు న్యూయార్క్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. ఇల్లు క్వీన్స్‌లో, ఆస్టోరియా అనే పేటలో. అక్కడి సబ్‌వే రైళ్లకి అక్షరాలో అంకెలో పేర్లు. మా స్టేషన్‌కి ఎన్, డబ్ల్యూ వచ్చేవి. ఎంత దూరమైనా అప్పట్లో 2.90 డాలర్లే, కాబట్టి రోజూ తిరిగేవాణ్ణి. ఆ డబ్ల్యూకి పెద్ద కథే ఉంది. 2001లో మొదలుపెట్టారు. 2010లో డబ్బుల్లేవని ఎత్తేసి, బదులుగా క్యూ రైలుని ఆస్టోరియాకి పొడిగించారు. తర్వాత మన్‌హటన్‌లో సెకండ్ ఎవెన్యూ కింద కొత్త లైను తయారైంది. దాని మీద నడపడానికి క్యూ కావాలి, అందుకని 2016 నవంబరులో డబ్ల్యూని మళ్లీ తెచ్చారు, క్యూ అటు వెళ్లిపోయింది. పట్టాలు కదల్లేదు, స్టేషన్లు మారలేదు, అయినా పదిహేనేళ్లలో ఆ పేటవాళ్లు ఏ రైలెక్కితే ఎక్కడ తేలతారో రెండు మూడుసార్లు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

శని, ఆదివారాలు ఇంకో తంటా. ఆ రైళ్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి, మరమ్మతులకి ఖాళీ దొరకదు. అందుకని సెలవు రోజుల్లో ఒక లైను మూసి రైళ్లని ఇంకో లైను మీదికి తోలతారు. స్తంభాలకి అంటించిన కాగితాలు చదువుకుంటూ వెళ్లాలి.

సిక్స్ రైలులో ఒకరోజు మా అల్లుడు నన్ను బ్రూక్లిన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగనివ్వలేదు. అందరూ దిగిపోయారు. రైలు ముందుకి పోయి నెమ్మదిగా వంపు తిరుగుతుంటే, కిటికీలోంచి మసక వెలుగులో పెంకుల కమానులు, ఒక ఖాళీ ప్లాట్‌ఫాం కనపడ్డాయి. అది సిటీ హాల్ స్టేషన్. 1904లో సబ్‌వే మొదలైందే అక్కణ్ణుంచి. జనం పెరిగి రైళ్లు పొడవయ్యాయి, ప్లాట్‌ఫాం చూస్తే పొట్టిది, పైగా వంపు. రైలు పెట్టె మధ్యలో తలుపులు పెట్టేసరికి ఆ తలుపులకీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందు పడింది. పక్కనే ఇంకో స్టేషన్ ఉంది కదా అని 1945 డిసెంబరు 31తో మూసేశారు. రైలు మాత్రం ఇప్పటికీ ఆ వంపులోనే వెనక్కి తిరుగుతుంది. అంత అందమైన చోట ఒక్క మనిషైనా లేకపోవడం చూసి నాకు గొంతు పట్టేసింది. మా ఊళ్లో సినిమా హాళ్లు మూతపడ్డప్పుడు కూడా అలాగే అనిపించింది.

ఇవన్నీ పెద్దాయనకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అక్కడ వేసి తగ్గించారు. మనకి వెయ్యకముందే తగ్గింది" అన్నారు.

నిజమే. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతానికి మెట్రో వీలవుతుందో లేదో చూడాలని రాశారు. అది చదివి నేను ఇంట్లో అందరికీ చూపించాను. మరుసటేడు ఢిల్లీ మెట్రో వాళ్లు తయారుచేసిన నివేదికలో రెండే లైన్లు, దాదాపు 26 కిలోమీటర్లు. రెండూ నెహ్రూ బస్టాండు నుంచే మొదలు. ఒకటి బందరు రోడ్డు మీద పెనమలూరుకి, ఒకటి ఏలూరు రోడ్డు మీద నిడమానూరుకి. గుంటూరు లేదు, తెనాలి లేదు. 2024కి మళ్లీ మారింది. నిడమానూరు దగ్గర ఆగిన లైను విమానాశ్రయం కోసం గన్నవరం దాకా సాగింది, మొదటి దశ 38.4 కిలోమీటర్లయింది. రెండో దశ అమరావతికి. అందులోనూ మా ఊరు లేదు.

కారణాలు లేకపోలేదు. ఖర్చు వేల కోట్లలో ఉంటుంది, జనం కిక్కిరిసే దారికే ముందు వెయ్యాలి, రాజధాని వచ్చాక అటు చూపు తిరగడమూ సహజమే. అయితే పొద్దున గుంటూరు బస్టాండులో నిలబడి చూడండి. కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, కోర్టు పనుల మీద పోయేవాళ్లు, అందరూ బెజవాడ బస్సు మెట్ల మీద వేలాడుతుంటారు. ఆ దారిలో జనం లేరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. వేసిన లైను తీసేస్తే కనీసం ఒక ఖాళీ ప్లాట్‌ఫాం మిగులుతుంది. కాగితం మీంచి తీసేస్తే అడగడానికి ఆనవాలు కూడా ఉండదు.

చివరికి ఆయనే షేర్ ఆటో ఆపి, బేరమాడి, తలకి నలభైకి ఒప్పించారు. ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు. నిడమానూరు రాగానే "ఇదుగో, మొదటి గీత ఇక్కడే ఆగింది" అని చెయ్యి చూపించారు. మేం చేరేసరికి పాలు పొంగించేశారు. మా తోడల్లుడు నొచ్చుకున్నాడు. గోంగూర, పులిహోర చాలా బాగున్నాయి.

తిరుగు ప్రయాణంలో వారధి దాటేసరికి చీకటి పడింది. తాడేపల్లి, మంగళగిరి వెళ్లిపోయాయి. కాజ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగితే మా ఆవిడ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది. "ఏవండీ, ఇది గుంటూరు దాకా పోతుందిగా?" అని అడిగింది.