సుగ్గికి వెళ్లిన తొమ్మిదో తరగతి

మా బడి ఆదోని వైపు. జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ పక్క తిరిగినవాళ్లకు సుగ్గి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తిరగనివాళ్ల కోసం రెండు ముక్కలు: వాన మీద పండే పంట అయిపోయాక ఇక్కడ పనులుండవు. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు ఊళ్లకు ఊళ్లు మూట కట్టుకుని లారీలెక్కుతాయి. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ వెళ్తారు. వాళ్లు ఇక్కడే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతుంది కానీ అందరూ ఉండరు. చంటిపిల్లను ఎత్తుకోవడానికో, కోతలో ఇంకో చెయ్యి ఉంటుందనో తీసుకుపోతారు.

2024 సంక్రాంతి సెలవుల తర్వాత తొమ్మిదో తరగతిలో హాజరు పిలిస్తే పన్నెండు పేర్లకు పలికేవాళ్లు లేరు. సెలవులకు ముందే ఒకమ్మాయి వచ్చి అడిగింది. "సార్, నేను వచ్చేలోపల వృత్తాలు అయిపోతాది గదా. మా నాయన ఫోన్‌కు పెట్టండి సార్." పెడతాలేమ్మా అనేశాను. ఎలా పెట్టాలో అప్పటికి నాకే తెలియదు.

మొదట అందరూ చేసేదే చేశాను. ఫోన్ను బెంచీ మీద పుస్తకాలకు ఆనించి బోర్డు మీద పాఠం చెప్పాను. కిటికీ వెలుతురు పడి బోర్డు సగం తెల్లగా మెరిసిపోయింది, మిగతా సగానికి నేనే అడ్డం. పైగా ఫోన్ కెమెరాతో తీస్తే నిమిషానికి వంద ఎంబీ దాటుతోంది. మిరపచేను గట్టు మీద పట్టా కప్పుకుని ఉండేవాళ్లకు, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్‌లో, ఇది పంపి ఏం లాభం?

స్క్రీన్ రికార్డింగ్ వైపు, అంటే లాప్‌టాప్ తెర మీద జరిగేదాన్నే వీడియోగా తీయడం వైపు వెళ్లింది అందుకే. తెర మీద కదిలేది తక్కువ కాబట్టి ఫైలు చిన్నది. తెల్లటి పేజీలో ఒక గీత జరిగితే ఆ గీత వరకే కొత్త సమాచారం, మిగతాదంతా పాతదే. అయిదు నిమిషాల పాఠం నాకు పది ఎంబీ లోపే వచ్చింది. ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

కానీ ఆ సంతోషం ముందు మూడు వారాల తిప్పలున్నాయి. లాప్‌టాప్‌లో విండోస్‌తో వచ్చే గేమ్ బార్ ఉంది కదా, విండోస్ కీ, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే చాలు అన్నారెవరో. నొక్కాను. ఇరవై రెండు నిమిషాలు చెప్పాను. తీరా చూస్తే పాఠ్యపుస్తకం పీడీఎఫ్ మాత్రమే ఉంది, జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గీసి చూపించిన బొమ్మలేవీ లేవు. అది మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఉన్న ఒక్క విండోనే తీస్తుందట. అసలది ఆటలు రికార్డు చేసుకోవడానికి పెట్టింది, తప్పు నాదే.

తర్వాత బ్రౌజర్‌లో నడిచే ఆన్‌లైన్ టూల్స్ పట్టుకున్నాను. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పాత లాప్‌టాప్‌కు అదో ఊరట. మొదలుపెట్టగానే ఒక ప్రశ్న వస్తుంది: ఒక్క ట్యాబ్ చూపాలా, ఒక విండోనా, మొత్తం స్క్రీనా? నేను దర్జాగా మొత్తం స్క్రీన్ ఎంచుకున్నాను. పాఠం మంచి ఊపులో ఉండగా మూలన వాట్సాప్ వెబ్ పాపప్. మా స్టాఫ్ గ్రూపులో ఎవరో, "జీతాలు పడ్డాయా?" అది కూడా పాఠంలో భాగమైపోయింది. అప్పటినుంచి ట్యాబ్ ఒక్కటే ఎంచుకుంటున్నాను. అక్కడే అడుగున ట్యాబ్ శబ్దం కూడా కలపాలా అని చిన్న గడి ఉంటుంది. వీడియో ముక్క ఏదైనా చూపించేటప్పుడు దాన్ని టిక్ చేయకపోతే పిల్లలకు మూగ సినిమానే.

ఇంకో రోజు పద్దెనిమిది నిమిషాలు చెప్పాక కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరుంటేనే నడుస్తుంది. ఆ టూల్ రికార్డింగ్‌ను చివర్లో ఆపాకే ఫైలుగా ఇస్తుంది కాబట్టి ఒక్క నిమిషం కూడా దక్కలేదు. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. పొడుగు పాఠమైతే ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మేలు అని తెలిసింది ఆ దెబ్బతోనే. ఉచితం, నెట్ అక్కర్లేదు. ఎంకేవీ అనే రకం వీడియో ఫైలుగా పెట్టుకుంటే తీసేకొద్దీ రాసుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అంతవరకు తీసింది మిగులుతుంది. తర్వాత దాన్ని అందులోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు.

అయితే చివరికి నన్ను దారిలో పెట్టింది ఒక పరిమితి. లూమ్ అనే ఆన్‌లైన్ రికార్డింగ్ టూల్ ఉచిత ఖాతాలో నాకు ఒక్కో వీడియోకు అయిదు నిమిషాలే దొరికాయి. వృత్తాలు అయిదు నిమిషాల్లోనా! అని విసుక్కున్నాను. సరే కానిమ్మని ఒక వీడియోకు ఒక్క విషయం పెట్టుకున్నాను. ఇప్పుడు ఎంత నిడివైనా తీసుకోవచ్చన్నా అయిదు దాటను.

ఆ మొదటి అయిదు నిమిషాల పాఠం తిరిగి విన్నప్పుడు సిగ్గేసింది. "అర్థమైందా?" అని పద్నాలుగుసార్లు అన్నాను. లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు, ఊపిరి తీసుకోకుండా తర్వాతి వాక్యం. వీడియోలో జవాబిచ్చేవాళ్లు లేరు సరే, మరి పంతొమ్మిదేళ్లుగా క్లాసులో? మర్నాటి నుంచి ఆ మాట తీసేసి, "ఇక్కడ ఆపండి. నోట్సులో ఈ బొమ్మ గీసి మళ్లీ నొక్కండి" అని పెట్టాను. ఆ అలవాటు క్లాసులోకీ వచ్చింది. నోరు మూసుకుని అర నిమిషం నిలబడటం ఎంత కష్టమో మాస్టర్లకే తెలుసు.

వీడియో ఎలా కనబడుతుందో మా అటెండర్ ఫోన్లో ఎండలో నిలబడి చూశాను. అంతకుముందు నల్లబోర్డులా ఉంటుందని నలుపు మీద తెల్ల అక్షరాలు పెట్టేవాణ్ని. ఎండలో అక్షరం కనిపిస్తే ఒట్టు, నా మొహమే కనిపించింది. తెలుపు మీద నలుపు, తెరకు నాలుగు వరుసలు, అక్షరాలు ఇంత లావున. అంతే. మైకు సంగతి చెప్పాలంటే, ఇయర్‌ఫోన్ వైరు చొక్కాకు రాసుకుంటే గరగర. ఫ్యాను ఆపాలి. బడిలో అయితే గంట, భోజనం గిన్నెల చప్పుడు. అందుకని ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి కూర్చునేవాణ్ని. అప్పుడు పక్కింటి కోడి. మూడుసార్లు మళ్లీ తీశాను, మూడుసార్లూ కూసింది. నాలుగోసారి నాకే ఓపిక లేక వదిలేశాను.

కోడి కూసిన ఆ పాఠం ఇదీ: వృత్తం మీద ఎ, బి అనే రెండు చుక్కలు. కేంద్రం దగ్గర అవి చేసే కోణం 100 డిగ్రీలు. అంచు మీద ఎక్కడో పి అనే చుక్క పెడితే అక్కడ కోణం అందులో సగం, 50. సిద్ధాంతం అదే. జియోజీబ్రాలో పి ని పట్టుకుని అంచు వెంట జరుపుతుంటే గీతలు ఊగుతాయి, ఆకారం మారుతుంది, కానీ 50 అంకె కదలదు. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆస్ట్రియా ఆయన 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. సుద్దముక్కతో ఈ కదలిక ఎన్ని జన్మలెత్తినా చూపించలేను.

పంపాను. నీలం టిక్కులు రాత్రి తొమ్మిది దాటాక పడేవి, ఫోను నాయనల చేతి నుంచి అప్పుడు దొరుకుతుంది. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నుంచి ఒక వాయిస్ మెసేజ్. వెనక ఎవరో వంటకు నీళ్లు తెమ్మని అరుస్తున్నారు. "సార్, ఆ చుక్కను మీరు పైననే తిప్పుతిరి. కిందికి, ఎ, బి మధ్యకు జరిపితే ఏమైతాది సార్?"

పుస్తకంలో ఈ సిద్ధాంతానికి మూడు బొమ్మలుంటాయి. నేను ఏళ్లుగా ఒక్కటే గీసి దాటేస్తున్నాను. క్లాసులో ఇంతవరకు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, అడిగే సందు నేనివ్వలేదేమో. ఆ రాత్రే రెండు నిమిషాల వీడియో తీశాను. పి ని మెల్లగా కిందికి తెచ్చి ఎ దాటించగానే 50 ఒక్కసారిగా 130 అయింది. కేంద్రం దగ్గర అవతలి వైపు కోణం చూడమన్నాను: 360లో 100 పోతే 260, అందులో సగం 130. సిద్ధాంతం తప్పలేదు, మనం చూసే వైపు మారింది.

ఆ ప్రశ్ననే మర్నాడు క్లాసులో టీవీలా ఉండే పెద్ద డిజిటల్ ప్యానెల్ మీద పెట్టాను. వీడియోను ఎ దగ్గర ఆపి, అంకె ఎంత అవుతుందో రాయమని వెనక బెంచీల దగ్గరకెళ్లి నిలబడ్డాను. పాఠం నడుస్తుండగా వెనక నుంచి చూడటం నాకదే మొదటిసారి. బాగా చదువుతాడనుకున్న కుర్రాడు పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తున్నాడు. ఎప్పుడూ నోరు విప్పని ఇంకొకడు 130 రాసి, కొట్టేసి, 50 రాశాడు. కొట్టేసింది ఎందుకురా అంటే, "మీరు మారదు అన్నారు గదా సార్."

పన్నెండు మందిలో క్రమంగా చూసింది అయిదుగురే. ఇద్దరి ఇళ్లలో బటన్ ఫోన్లే, వాళ్లకు నేనేమీ చేయలేకపోయాను. ఇంకొందరు చూశారో లేదో చెప్పలేను. నీలం టిక్కు పడితే వీడియో చూసినట్టు కాదు కదా.

ఉగాది దాటాక ఆ అమ్మాయి బడికొచ్చింది. నోట్సు తెచ్చి చూపించింది, మూడు బొమ్మలూ గీసి ఉన్నాయి. వీడియోలు ఎన్నిసార్లు చూశావమ్మా అని అడిగాను, నా పాఠం గురించి నాలుగు మంచి మాటలు వినొచ్చనే ఆశతోనే.

"నేను రెండుసార్లు సార్. మా తమ్ముడే రోజూ పెట్టమంటాడు, దాంట్లో కోడి కూస్తాది గదా."