బుద్ధుడి దాకా ఒక్కడినే

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాడు పడవ నేర్చుకోవడానికి రాజమండ్రి నుంచి హైదరాబాద్ బస్సెక్కితే ఇంట్లోవాళ్లు నవ్వకుండా ఉంటారా? "మన రేవులో లేని నీళ్లు అక్కడేమున్నాయిరా?" అంది అమ్మ. నీళ్ల కోసం కాదమ్మా, గాలి కోసం అన్నాను. ఆవిడ నమ్మలేదు.

నిజానికి సంగతి గాలిదే. వానాకాలంలో పడమటి తీరంలో సముద్రం పోటెత్తి ముంబై లాంటి చోట్ల తెరచాప పడవలు ఒడ్డెక్కేస్తాయి. సరిగ్గా అప్పుడే దక్కన్ పీఠభూమి మీద పడమటి గాలి బలంగా వీస్తుంది. సముద్రమే లేని హైదరాబాద్‌లో, 1563 నాటి హుస్సేన్‌సాగర్ చెరువులో, జూలై నెలలో లేజర్ అనే చిన్న తెరచాప పడవల పోటీలు జరిగేది అందుకే. నేను వెళ్లేసరికి ఆ సందడి అయిపోయింది, గాలి మాత్రం మిగిలే ఉంది.

నేర్చుకోవడమంతా ఇద్దరు పట్టే పడవలో, పక్కన కోచ్‌ని కూర్చోబెట్టుకుని జరిగింది. ఆయన ఆర్మీలో చేసి రిటైరైన సికింద్రాబాద్ మనిషి. ముందుగా నేర్పింది పడవ బోల్తా కొట్టించడం. కావాలనే పడేసి, ఈదుకుంటూ పడవ అడుగు వైపుకి వెళ్లి, అక్కడ పొడుచుకొచ్చిన పలక మీదెక్కి, ఒళ్లంతా బరువేసి లేపాలి. "నోరు మూస్కొని పడు తమ్మీ" అన్నాడాయన. మురుగు మోసుకొచ్చే కూకట్‌పల్లి నాలా ఈ చెరువులోకే వస్తుందన్న సంగతి తెలిసినవాళ్లకు ఆ సలహా విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఒంటరిగా వెళ్లాల్సిన రోజు పొద్దున లేజర్ ఇచ్చారు. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, అరవై కిలోలకు కాస్త తక్కువ బరువు, ఒక్కటే తెరచాప. ఒలింపిక్స్‌లో ఒక్కరే నడిపే పడవ పందేనికి వాడేది ఇదే. మన దేశం తరఫున విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ టోక్యోలోనూ పారిస్‌లోనూ పోటీ పడింది దీని మీదే. నాకు నేత్ర వాడే సైజు, అంటే చిన్న తెరచాప కట్టారు. పడవ అదే, తెరచాప కట్టే కొయ్యలో కింది ముక్కా గుడ్డా మార్చితే సరిపోతుంది.

"ఉత్తరం ఒడ్డు నుంచి బుద్ధుడి దాకా పోయి రా. గాలి పక్క నుంచి వస్తది, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సులువే. విగ్రహం దాటి ట్యాంక్‌బండ్ దిక్కు మాత్రం పోకు, గాలి నిన్ను కట్ట మీదికి కొడ్తది." అంతే, పడవను నీళ్లలోకి తోసేశారు.

గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుంటాం కాబట్టి పడమటి గాలికి నా వీపు. ఎదురుగా ట్యాంక్‌బండ్, దాని మీద బస్సులు. వచ్చే గాలి మాత్రం వెనక నుంచి వస్తుంది. అందుకే మాటిమాటికీ భుజం మీదుగా నెక్లెస్ రోడ్డు వైపు తిరిగి చూడాలి. నీటి మీద ఎక్కడైనా నల్లటి మరక లాంటిది పరుగెత్తుకొస్తుంటే అది గాలి విసురు. అది తగిలే లోపు కాళ్లు పట్టీ కింద దూర్చి, నడుము బయటికి వేలాడేయాలి, లేదా తెరచాపను బిగించి పట్టుకునే, చేతిలోని తాడు వదలాలి. కోచ్ బరువు పక్కన ఉన్నన్నాళ్లూ ఈ విసుర్లు నా దాకా రాలేదు. ఇప్పుడు ప్రతిదీ నేరుగా నా తొడల్లో తెలుస్తోంది.

స్కూటర్ నడిపే చేతికి ఈ తాడు వదలడమే కష్టం. భయమేస్తే ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. గట్టిగా పట్టుకుంటే పడవ ఇంకా ఒరుగుతుంది. రెండు విసుర్లు దాటాక వేళ్లకు కాస్త నమ్మకం కుదిరింది. ఆ తర్వాత పడవ ముక్కు కింద నీళ్లు చీలే చప్పుడు మొదలైంది. ఇంజన్ లేకుండా ఆ వేగం ఏమిటో! పెద్దగా అరిచాను, వినేవాళ్లు లేరు కాబట్టి.

విగ్రహం దగ్గర పడేకొద్దీ పెద్దదవుతుంది తప్ప రాదు. రాయగిరి నుంచి తెచ్చిన ఈ ఏకశిలను 1990లో బార్జి మీద తరలిస్తుంటే బార్జి ఒరిగి మనుషులు చనిపోయారు. రాయి రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండిపోయింది. 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. ఒరగడమంటే ఏమిటో ఒంటికి తెలిశాక ఆ సంగతి చదువుకున్నంత తేలిగ్గా అనిపించదు.

వెనక్కి తిరగాలంటే పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి అవతలి వైపుకు దాటించాలి. చుక్కాని కర్ర తోశాను, తల వంచి బూమ్, అంటే తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర, కింద నుంచి అవతలికి దూరబోతున్నాను. లుంబినీ పార్కు నుంచి వచ్చిన టూరిస్టు లాంచీ అల ఒకటి ముక్కుకు తగిలి పడవ నడిమధ్యే ఆగిపోయింది. బరువు లేని పడవ కదా, ఊపు అయిపోయింది. గాలికి ఎదురుగా నిలబడి తెరచాప పటపటా కొట్టుకుంటోంది, పడవ మెల్లగా వెనక్కి, విగ్రహం దిమ్మె వైపు జరుగుతోంది. లాంచీలో జనం ఫోన్లు పైకెత్తారు. ఒకాయన "అంకుల్, తెడ్డు లేదా?" అని కేకేశాడు. నాకు ముప్పై నాలుగేళ్లే.

టెన్షన్‌లో ఉన్నా కోచ్ మాట గుర్తుంది: "ఆగిపోతే రెండూ నూకు, ఎనక్కి పోనియ్యి. తర్వాత రెండూ గుంజు." బూమ్‌నీ చుక్కాని కర్రనీ కలిపి అవతలికి తోశాను. పడవ వెనక్కి పోతుంటే చుక్కాని తలకిందులుగా పనిచేస్తుంది, ముక్కు ఒక పక్కకు తిరుగుతుంది. అలా తిరిగాక కర్రా తాడూ రెండూ లాగాను. గుడ్డ ఒక్కసారి బిగిసి, పడవ కదిలింది. దిమ్మె రాళ్ల మీద రెక్కలు ఆరేసుకుని కూర్చున్న నీటికాకి లేచి ఎగిరిపోయింది, అంత దగ్గరికి వెళ్లాను.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. సంజీవయ్య పార్కు జెండా పటపటలాడుతూ దగ్గరైంది, అరచేతులు మండాయి. ఒడ్డున కోచ్ పడవ ముక్కు పట్టుకుని, "ఆ లాంచీవాళ్లు పక్కకు జరుగుతారని ఎప్పుడూ నమ్మకు, రూలు మనదైనా సరే" అన్నాడు. పడవను మంచినీళ్లతో కడిగించి, తెరచాప చుట్టించి, రేపటి పని చెప్పాడు: జలవిహార్ దిక్కు పోవాలి, గాలికి ఎదురు. నేరుగా పోవడం కుదరదు, అటూ ఇటూ మలుపులు తిప్పుకుంటూ. "ఇయ్యాలటిది సైకిల్ మీద దిగుడు తమ్మీ" అని నవ్వాడు. రాత్రి బస్సు టికెట్ క్యాన్సిల్ చేసి అమ్మకు ఫోన్ చేశాను.