సుంకి ఘాట్‌లో ఉడికిపోయిన ఆల్టో

శనివారం

సాలూరు నుంచి జయపురం వస్తుంటే సుంకి ఘాట్ సగంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా ఎక్కేసింది. 2011 మోడల్ ఆల్టో. పక్కకి ఆపి, బానెట్ లేపి ముప్పావు గంట కూర్చున్నాం. రేడియేటర్ (ఇంజిన్ నీళ్లని చల్లార్చే జాలీ పెట్టె) మూత మాత్రం ముట్టుకోలేదు. వేడి మీద మూత తిప్పి చెయ్యి కాల్చుకున్నవాళ్లని చూశాను.

ఇంటికొచ్చి చూస్తే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ కలిసే చోట మళ్లీ అదే వెంట్రుకంత పగులు. ఇప్పటికి రెండుసార్లు సీలు ముద్ద పెట్టాను. బండి వేడెక్కినప్పుడల్లా ఊడొచ్చేస్తోంది. ఇక రేడియేటరే మార్చాలి. విజయనగరం నుంచి తెప్పిస్తే 2,400 అయింది.

ఆదివారం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసేశాను. డ్రైన్ ప్లగ్ తిరగలేదు, కింది హోస్ (రబ్బరు గొట్టం) ఊడదీసి టబ్బు పెట్టాను. కారింది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కాదు, అచ్చం టీ డికాషన్! ఇదివరకు ఒక షెడ్డులో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేశారు, ఆ తుప్పంతా ఇదే. టబ్బు మీద వెంటనే మూత పెట్టాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ ఆవులూ నాకేస్తాయి. అది విషం.

పాత హోసులు కరుచుకుపోయి రాలేదు. ఎలాగూ కొత్తవి వేస్తున్నాం కదా అని బ్లేడుతో నిలువునా కోసేశాను. ఫ్యాన్ సాకెట్ తీసి, పైన 10 నంబర్ బోల్టులు రెండూ విప్పితే రేడియేటర్ ఫ్యాన్‌తో సహా పైకొచ్చింది. ఫ్యాన్‌ని కొత్తదానికి మార్చి, రేడియేటర్ సన్నరెక్కలు వంగకుండా అట్టముక్క అడ్డం పెట్టి దించాను. బిగించేశాక మా బామ్మర్ది పాతది తిరగేసి, "బావా, అయిపోయిందన్నావు. మరి ఈ రబ్బరు ఎవరిది?" అన్నాడు. కింద ఉండాల్సిన బుష్ పాతదానికే అంటుకుని ఉంది. మళ్లీ మొత్తం విప్పాను.

రేడియేటర్ మూత కూడా కొత్తదే వేశాను. దాని మీద 0.9 అని ఉంటుంది. ఆ ఒత్తిడి నిలిస్తే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. మూత లూజైతే కొరాపుట్ ఎత్తులో 97కే ఉడుకుతాయి.

అసలు తిప్పలు గాలితో. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోసి స్టార్ట్ చేస్తే పై హోస్ కాలిపోతోంది, కిందిది చల్లగా ఉంది, హీటర్‌లో చల్లగాలి. లోపల గాలి ఇరుక్కుందన్నమాట. ఆపి, గంట చల్లారనిచ్చి, అరుగు ముందున్న ర్యాంపు మీదికి ముందు చక్రాలు ఎక్కించాను. మూత తీసి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి ఐడిల్‌లో వదిలాను. కాసేపటికి గుడగుడమని బుడగలు, అర లీటరు మట్టం దిగింది. దిగినంతా పోస్తూ వచ్చాను. బుడగలు ఆగాక మూత బిగించాను. ఫ్యాన్ తిరిగి, దానంతటదే ఆగింది. అప్పుడు టీ తాగాను.

బుధవారం

కొరాపుట్ ఘాట్ ఎక్కి దిగాను. ముల్లు సగం దాటలేదు. చల్లారాక రిజర్వ్ డబ్బాలో వేలెడు తగ్గితే పోశాను. ఒక క్లాంపు దగ్గర చెమ్మ కనిపిస్తే అర చుట్టు బిగించాను. రాత్రి బండి కింద పరిచిన అట్ట పొద్దున పొడిగానే ఉంది.