శారా గుడారంలో దీపం

యెరూషలేము నుంచి తిరిగొచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. సూట్‌కేసు ఇంకా సగం విప్పనేలేదు. యొర్దాను నీళ్ల సీసాలు, ఒలీవ చెక్క సిలువలు అడిగినవాళ్లందరికీ పంచేశాను. మొన్న ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పమంటే బెత్లెహేము గురించి, గలిలయ సముద్రం గురించి చెప్పాను. అసలు చెప్పాల్సింది చెప్పబోతే గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను.

నేను వెళ్లింది మొక్కు చెల్లించడానికి. ఆ మొక్కుబడి ఏంటంటే, మా అబ్బాయీ కోడలూ మూడేళ్లు విడిగా ఉన్నారు. కోర్టు దాకా పోయింది వ్యవహారం. పాపను చూడాలంటే వాయిదా రోజున కోర్టు వరండాలో చూడటమే. ఆ మూడేళ్లూ మా ఇంట్లో క్రిస్మస్‌కి నక్షత్రం కట్టలేదు. "ప్రభువా, వీళ్లిద్దరూ మళ్లీ ఒక కప్పు కిందికొస్తే నీ పట్టణానికొచ్చి, ఆ గోడ దగ్గర నిలబడి కృతజ్ఞత చెల్లిస్తాను" అని మొక్కుకున్నాను. పోయిన ఈస్టరుకు వారం ముందు కోడలు పాపను చంకనేసుకుని తనంతట తానే గేటు తీసుకుని వచ్చింది. నర్సుగా ముప్పై నాలుగేళ్లు చేసి దాచుకున్న డబ్బులు తీసి టికెట్టు కొన్నాను.

యాత్రంతా ఎలా జరిగిందో వివరంగా చెప్పలేను. బస్సులు, హోటళ్లు, పాస్‌పోర్టు చూపించడాలు అన్నీ కలిసిపోయాయి. గుర్తున్నదల్లా జనం. బెత్లెహేములో ప్రభువు పుట్టిన చోట, ఆ పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం దగ్గర ముద్దుపెట్టుకోవడానికి రెండు గంటలు నిలబడితే, వంగేలోపలే వెనకనుంచి మోచేయి తగిలింది. ప్రభువు సమాధి ఉన్న చర్చిలోనూ అంతే. కళ్లు మూసుకుందామంటే "కదలండి, కదలండి" అని కేకలు. ఇంత దూరం వచ్చి ప్రార్థన చేసుకోకుండా ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేసింది.

శుక్రవారం పొద్దున ఆ గోడ దగ్గరికి, అంటే యూదుల పాత దేవాలయ ప్రాంగణపు పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్లారు. ఆడవాళ్ల వైపు మగవాళ్ల వైపుకంటే చిన్నది, రద్దీ మాత్రం ఎక్కువ. చీటీ రాసుకుని నిలబడ్డాను. ఒక ఒప్పుకోలు చెప్పాలి ఇక్కడ. ఆ చీటీలో మా అబ్బాయి పేరు రాశాను, పాప పేరు రాశాను, కోడలి పేరు రాయడానికి పెన్ను కదల్లేదు. తను తిరిగొచ్చిందనే కదా మొక్కు చెల్లించడానికి వెళ్లింది! అయినా ఆ మూడేళ్లలో అన్న మాటలు ఎక్కడో ఉండిపోయాయి. వెనక నుంచి తోస్తున్నారు. ఆ రెండు పేర్లతోనే చీటీ మడిచి రాళ్ల సందులో పెట్టేశాను. అక్కడివాళ్లు గోడకు వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూ వస్తారు. నేనూ అలాగే వచ్చాను గానీ, మనసు తేలికపడలేదు.

మధ్యాహ్నం మహనె యెహుదా బజారుకు తీసుకెళ్లారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ బజారంటే మన సంక్రాంతి ముందురోజు బజారే. శుక్రవారం పొద్దు కుంకడంతో మొదలయ్యే యూదుల విశ్రాంతిదినం వచ్చేలోపల అందరూ రొట్టెలు, పూలు, చేపలు కొనుక్కుని ఇంటికి పరుగెత్తాలి. ఖర్జూరాల దుకాణం దగ్గర ఒక్క నిమిషం ఆగాను. తలెత్తి చూస్తే మావాళ్ల ఎర్ర టోపీలు ఒక్కటీ కనపడలేదు. వెతుక్కుంటూ ఏదో సందులోకి, అక్కడినుంచి ఇంకో సందులోకి. చినుకులు పడి రాతిమెట్లు తడిశాయి. కాలు జారింది, మోకాలు మెలిపడింది. ఫోన్లో చార్జింగ్ లేదు. ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. పక్కనుంచి జనం సంచులతో పోతూనే ఉన్నారు, ఎవరి తొందర వాళ్లది.

అప్పుడు చక్రాల సంచి లాక్కుంటూ ఒక పెద్దావిడ వచ్చి నా ముందు ఆగింది. తలకు గుడ్డ, చేతిలో పూల కట్ట. నా చీర చూసి "ఇండియా?" అంది. తలూపాను. వెంటనే "ఎవిడెన్నా, మోళే?" అంది.

మలయాళం! యెరూషలేము సందులో! ఆస్పత్రిలో ఇన్నేళ్లు మలయాళీ సిస్టర్లతో డ్యూటీ చేశాను కాబట్టి ఆ భాష నాకు కాస్తో కూస్తో వచ్చు. ఎక్కడినుంచి తల్లీ అని అడుగుతోంది. "ఆంధ్రా నుంచి, చేచీ" అన్నాను. చేచీ అంటే అక్క. ఆవిడ ఎర్నాకుళంలో పుట్టిన యూదురాలట. 1950లలో కొచ్చి యూదులు చాలామంది ఇజ్రాయెల్ వచ్చేశారు కదా, ఆవిడ కూడా అప్పుడే ఎనిమిదేళ్ల పిల్లగా ఓడెక్కిందట. పూలు నా చేతికిచ్చి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని ఇంటికి నడిపించింది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి.

రెండు గదుల రాతి ఇల్లు. లోపల ఆవిడ కోడలు తడి చేతులతో అటూ ఇటూ పరుగులు పెడుతోంది. నా మెడలోని కార్డు మీద నంబరు చూసి వెంటనే గైడ్‌కి ఫోన్ చేసింది. ఇంకాసేపైతే ఆ ఫోన్ ముట్టుకోకూడదు మరి. మిగతావాళ్లను హోటల్లో దింపేసి అయిదున్నరకు పెద్ద రోడ్డు మీదికి టాక్సీలో వస్తానన్నాడు గైడ్. నా మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాను, ఉన్నట్టుండి ఊరంతా సైరన్ మోగింది. నా గుండె ఆగినంత పనైంది. ఆ దేశంలో సైరన్ అంటే మనకు తెలిసింది ఒకటే కదా. పెద్దావిడ నవ్వి నా వీపు నిమిరింది. "భయపడకు, షబ్బాత్ వస్తోంది" అంది. షబ్బాత్ అంటే విశ్రాంతిదినమే.

యెరూషలేములో సూర్యుడు కుంకడానికి నలభై నిమిషాల ముందే దీపం పెట్టేస్తారు. మిగతా ఊళ్లలో చాలాచోట్ల పద్దెనిమిది నిమిషాలు. పొద్దు కుంకిన తర్వాత నిప్పు ముట్టించకూడదు కాబట్టి ఒక్క నిమిషం కూడా అటు జరగనివ్వరు. నవంబరు కదా, నాలుగింటికే ఆ వేళైపోయింది. ఎక్కడి పని అక్కడ ఆపేసి ఇల్లంతా బల్ల దగ్గరికొచ్చింది. ముందుగా గోడకున్న చిన్న డబ్బాలో తలా ఒక నాణెం వేశారు, పేదలకోసం.

తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెద్దావిడవి రెండు గాజు గిన్నెలు. సగం దాకా నీళ్లు, పైన వేలెడు మందం ఒలీవ నూనె, దాని మీద బిరడా బిళ్లలో గుచ్చిన వత్తి తేలుతోంది. వాళ్లమ్మ ఎర్నాకుళంలో దూలానికి వేలాడే దీపంలో కొబ్బరినూనె పోసేదట. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో షబ్బాత్ మీద ఉన్న భాగంలో రెండో అధ్యాయం మొదలయ్యేదే ఏ వత్తి పనికొస్తుంది, ఏ నూనె పనికిరాదు అన్న మాటతో. తారు కూడదు, కొవ్వు కూడదు. ఒలీవ నూనె తప్ప ఏదీ వద్దన్నాడట రబ్బీ తర్ఫోన్. దీపం చికాకు పెట్టకుండా నిలకడగా వెలగాలి, అదీ వాళ్ల పట్టుదల.

రెండు దీపాలెందుకు అని అడిగితే, పది ఆజ్ఞలు రెండుచోట్ల ఉన్నాయి కదా అంది కోడలు. తను ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన మాటలు నాకు టక్కున తట్టాయి. నిర్గమకాండంలో "జ్ఞాపకముంచుకొనుము", ద్వితీయోపదేశకాండంలో "ఆచరించుము". ఆ రెండు క్రియలకు రెండు దీపాలు! ఇన్నేళ్లు చదివాను, ఆ రెండు మాటల్లో తేడా ఉందని ఒక్కసారి కూడా ఆగి చూడలేదు.

కోడలివి వేరే పళ్లెంలో, కిటికీ పక్కన అల్మారా మీద. ఆరు కొవ్వొత్తులు. రెండు ఆజ్ఞలకు, మూడు ముగ్గురు పిల్లలకు. మరి ఆరోది? వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక శుక్రవారం వెలిగించడం మరిచిపోయిందట. అలా మరిచిపోతే బతికున్నంతకాలం ఒకటి ఎక్కువ పెట్టుకోవడం వాళ్ల పుట్టింటివైపు ఆచారం.

ఒకే ఇంట్లో ఇద్దరిదీ రెండు పద్ధతులు. అత్తగారు ముందు ఆశీర్వచనం చెప్పి తర్వాత వెలిగించింది, ఏ ఆజ్ఞకైనా ఆశీర్వచనమే ముందు రావాలని. కోడలు ముందు వెలిగించింది. అగ్గిపుల్లను ఊదలేదు, అలాగే పళ్లెంలో పెట్టేసింది, అదే ఆరిపోయింది. వెలుగును తనవైపు రమ్మన్నట్టు మంటల మీదుగా చేతుల్ని మూడుసార్లు లాక్కుని, అరచేతులతో కళ్లు మూసుకుని అప్పుడు ఆశీర్వచనం చెప్పింది. ఆశీర్వచనం నోట్లోంచి వచ్చిందంటే విశ్రాంతిదినం వచ్చేసినట్టే, ఇక నిప్పు ముట్టించకూడదు. అందుకని ముందే వెలిగించి, ఆ వెలుగు చూడకుండా కళ్లు కప్పుకుని, చెప్పడం అయ్యాక చూస్తారు. "లెహద్లీక్ నేర్ షెల్ షబ్బాత్" అన్న చివరి మాటలు రెండు గొంతుల్లోనూ విన్నాను. విశ్రాంతిదిన దీపం వెలిగించమని ఆజ్ఞాపించిన దేవునికి స్తోత్రం అని.

ఆ తర్వాత కూడా కోడలు చేతులు తియ్యలేదు. పెదాలు కదులుతున్నాయి. పెద్దావిడ నా చెవిలో, "ఇప్పుడు ఇంట్లోవాళ్ల కోసం అడుక్కుంటాం. నువ్వు వెలిగించాల్సిన పని లేదు మోళే, నీకు ఆ ఆజ్ఞ లేదు. కానీ నీకూ ఇల్లుందిగా, అడుగు" అంది.

నేనూ అరచేతులతో కళ్లు మూసుకున్నాను. నూనె వాసన, పక్కన చిన్నపిల్ల ఊపిరి. తోసేవాళ్లు లేరు, కదలమనేవాళ్లు లేరు. నా నోట మొట్టమొదట వచ్చిన పేరు నా కోడలిది. అబ్బాయి పేరు కాదు, పాప పేరు కాదు. గోడలో పెట్టిన చీటీలో రాయని పేరు, నేను పిలవకుండానే వచ్చింది. చేతులు తీసేసరికి నీళ్ల మీద తేలే ఆ రెండు మంటలూ, తెల్లగుడ్డ మీద వాటి బంగారు రంగు వలయాలూ వణుకుతూ కనపడ్డాయి. కన్నీళ్ల వల్ల నాకు అలా కనపడ్డాయేమో. ఎంతసేపని, నాలుగు క్షణాలు. నేను యెరూషలేము వెళ్లింది ఆ నాలుగు క్షణాల కోసమే.

మగవాళ్లు ప్రార్థనకు వెళ్లిపోయారు. వేడినీళ్లు ముందే కాచి పెట్టుకున్నారు కాబట్టి టీ ఇచ్చారు. కిటికీ సందులోంచి గాలి కొట్టి కోడలి కొవ్వొత్తి ఒకటి ఆరిపోయింది. నేను చప్పున అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచాను. అయిదేళ్ల పాప నా చెయ్యి పట్టేసుకుంది. "వెలిగించాం కదా, చాలు" అంది పెద్దావిడ. ఆ పళ్లెం కూడా ఇక కదపరు. ఆరింది ఆరినట్టే ఉంది, ఎవరి ముఖంలోనూ దిగులు లేదు.

"అసలు ఈ దీపం ఎందుకు చేచీ?" అని అడిగాను. "చీకట్లో ఒకరికొకరు తగిలి విసుక్కోకుండా, కలిసి కూర్చుని తినడానికి" అంది. వాళ్ల దీపాల పండుగ హనుక్కా దీపానికో షబ్బాత్ దీపానికో ఒక్కదానికే డబ్బుంటే షబ్బాత్ దీపమే పెట్టుకోమని, మిష్నా మీద వాళ్ల పెద్దల చర్చలున్న తల్మూదు చెబుతుందట. కారణం "షెలోమ్ బయిత్". ఇంటి సమాధానం, అంటే ఇంట్లో శాంతి. షాలోమ్ అన్న మాటకు మన బైబిల్లో చాలాచోట్ల సమాధానమనే కదా ఉంటుంది! మూడేళ్లు మోకాళ్ల మీద నేనడిగిన మాట అదే, అక్షరం తేడా లేకుండా.

మా ఇంటి సంగతి అప్పుడు చెప్పుకున్నాను. సగం మలయాళం, సగం ఏడుపు. అంతా విని ఆవిడ అబ్రాహాము భార్య, ఇస్సాకు తల్లి శారా కథ చెప్పింది. శారా బతికున్నన్నాళ్లూ ఆమె గుడారంలో దీపం ఈ శుక్రవారం నుంచి మళ్లీ శుక్రవారం దాకా వెలుగుతూనే ఉండేదట. ఆమె చనిపోయాక ఆరిపోయింది. ఇస్సాకు రిబ్కాను తల్లి గుడారంలోకి తీసుకొచ్చిన రోజున మళ్లీ వెలిగింది. ఆదికాండము ఇరవై నాలుగులో గుడారం ఉంది, రిబ్కా ఉంది, దీపం సంగతి లేదు. అది వాళ్ల పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన కథ. "చూశావా, వెలిగించింది కొడుకు కాదు. కోడలు" అంది, తన కోడలి వైపు చూస్తూ. ఆ పిల్ల గిన్నెలు సర్దుతూ తలదించుకుని నవ్వింది.

మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడేవాళ్లే, బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకుంటూ, 1991 నుంచి యూదుల ప్రార్థనాలయం నడుపుకుంటున్నారని చెబితే ఆవిడ నమ్మలేకపోయింది. నేనేమో ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయానో, ఒక్కసారి దిగి చూడలేదు.

అయిదున్నరకు కోడలే నా చెయ్యి పట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడిపించింది. ట్రాము లేదు, బస్సు లేదు. రోడ్డు నడిమధ్యలో జనం పిల్లలతో తీరిగ్గా నడుస్తున్నారు. ఇంటింటి కిటికీలోనూ చిన్న చిన్న మంటలు. మధ్యాహ్నం ఒకళ్లనొకళ్లు తోసుకున్నది ఈ మనుషులేనా అనిపించింది.

హోటల్‌కి చేరాక మా పాస్టరు అయ్యగారు కోప్పడ్డారు, న్యాయమే. ఫోన్ చార్జింగ్ పెట్టి ఇంటికి చేశాను. మనకు రాత్రి పదకొండు అవుతోంది. అబ్బాయి నంబరుకు కాదు, కోడలి నంబరుకు. మొదటి రింగుకే ఎత్తింది. ఏమీ చెప్పలేకపోయాను, కాలు జారిందని మాత్రం చెప్పాను.

"అయ్యో, వాచిందా అత్తయ్యా? ఏమైనా రాశారా? ఆగండి, వీడియో పెట్టండి, చూస్తాను" అంది.